అటు దిక్కు తలుపు

ఢిల్లీలో ధర్నాకు కూర్చున్న రెండో రోజే వెంకటనర్సమ్మకు కళ్లు తిరిగాయి. తెలంగాణ తెచ్చుకునే పోదామని భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికులు కదిలితే, మొగుడు భిక్షం వెంట ఆమె కూడా వచ్చింది. ఎండకు తాళలేదు, బసకు తోలుకపొమ్మన్నాడు యూనియన్ లీడరు కుతుబుద్దీన్. భూమి లోపలి రైలెక్కితే రెండో స్టేషనేనట.

మెట్లు దిగితే నేల అద్దంలా మెరుస్తోంది. పైనుంచి చల్లగాలి.

"మా బాయి గిట్లుంటే నేను ఇంటికే రాకపోయేటోన్ని" అన్నాడు భిక్షం.

"గట్లన్న నాకు జర సుకముండేది" అంది ఆమె.

బండి వచ్చింది. బాయిలో మనుషులందరినీ ఎక్కించి చివరన తానెక్కడం పనివాళ్ల మీద సర్దారైన భిక్షానికి ఏండ్ల అలవాటు. భార్యను లోపలికి పంపి, వెనక ఎవరైనా మిగిలారా అని ఒకసారి తిరిగి చూశాడు. ఆ చూసే లోపే తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనక ఆమె నోరు కదిలింది. బండి వెళ్లిపోయింది.

ఫోనున్న సంచి ఆమె భుజానికే ఉంది. గార్డును బతిమాలి అతని ఫోను నుంచి కొట్టించాడు. మోగింది, ఎత్తలేదు. ఏది నొక్కాలో ఆమెకు తెలియదు. మైకులో పిలిపిస్తానంటూ గార్డు ఆమె పేరు రాసుకుని, ఏ రాష్ట్రమని అడిగాడు. తెలంగాణ అన్నాడు భిక్షం. అలాంటి రాష్ట్రం లేదు, సరిగ్గా చెప్పమన్నాడు గార్డు. మళ్లీ అడిగితే, తల వంచుకుని ఆంధ్ర అన్నాడు.

ముందు స్టేషన్లో దిగి ఉంటుంది, పోయి చూసుకోమన్నారు. పోదామనుకున్నాడు. తాను అటు పోయాక ఆమె ఇటు వస్తే? పైగా ఆమె దిగి ఉంటుందన్న నమ్మకం లేదు. భూమి లోపల తప్పిపోతే ఉన్నచోటు నుంచి కదలొద్దని, వెతికేవాళ్లే వస్తారని బాయి ముచ్చట్లు చెప్పినప్పుడల్లా ఆమెకు తానే చెప్పాడు. సీటు పట్టుకుని కూర్చుంటుంది, బండి ఎక్కడికి పోతే అక్కడికి.

వచ్చిన ప్రతి బండిలోనూ తొంగి చూశాడు. కాళ్లు గుంజాయి. నేల మీద కూర్చోబోతే గార్డు లేపాడు.

చాలాసేపటికి పట్టాలకు అవతల, ఎదురు దిక్కు పోయే బండి వచ్చి ఆగింది. కిటికీలో ఆమె. చివరిదాకా పోయి, బండి మళ్లితే అలాగే తిరిగి వస్తున్నట్టుంది. భిక్షం చెయ్యెత్తి కేకేశాడు. ఆమె చూసింది. దిగ్గున లేచి ఇతని వైపు తలుపు దగ్గరకొచ్చి అద్దం మీద చరిచింది. కానీ తెరుచుకున్నది ఆమె వెనక, అటు దిక్కు తలుపు.

"వెనుకకు! అటు దిగు!" అంటూ వెనక్కి పొమ్మని రెండు చేతులూ ఊపాడు. మాట అద్దం దాటలేదు.

వెంకటనర్సమ్మ ఆ చేతులను తేరిపార చూసింది. అర్థమైనట్టు తలూపింది. వెనక్కి నడిచి, తన సీట్లో కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుంది.

బండి కదిలింది.