గవర్నరు పంపిన బల్ల

ఒక ఆగస్టు సోమవారం ఉదయం పదకొండు గంటలకు, రాజ్‌భవన్ వరండాలో గవర్నరు తాడు విప్పి నా మీద కూర్చున్నారు.

నేను ఒక వేపబల్లను. కదిరిలో వకీలు హనుమంతరాయ తన క్లయింట్ల కోసం నన్ను చేయించారు. నిలబడ్డవాళ్లు భయంతో సగమే చెబుతారని ఆయన లెక్క. కూర్చుంటేగానీ కేసు వినేవారు కాదు. ఉత్తరాదిలో ఒక రాష్ట్రానికి గవర్నరుగా వెళ్తూ నన్ను వెంట తీసుకెళ్లారు. అక్కడివాళ్లు నాకు పాలిష్ పెట్టి, చుట్టూ ఎర్ర తాడు కట్టి, కూర్చోరాదని బోర్డు పెట్టారు. గవర్నరు వస్తే అందరూ లేచి నిలబడేవారు. ఆయన రోజంతా నిలబడ్డవాళ్ల మాటలే వినేవారు.

ఆ సోమవారం కదిరి నుంచి ఈరమ్మ వచ్చింది. ఆమె ఆయన పాత క్లయింటు. భర్త పోయాక మూడెకరాల చేను తనదేనని మరిది దావా వేశాడు. ఇప్పుడా కేసు ఆయన జూనియర్ నాగభూషణం చూస్తున్నాడు.

"కూర్చో ఈరమ్మా."

"కూసోవద్దని సైగ చేసినాడు సార్, ఆ తుపాకీ ఆయప్ప," అంటూ ఈరమ్మ కాపలా జవానును చూపించింది.

అప్పుడే ఆయన తాడు విప్పింది. తను కూర్చుని ఆమెను కూర్చోబెట్టారు.

"జడ్జి సారుకు ఒక్క మాట చెప్పు సార్. చేను పోతే నేను కూలికి పోవాల."

"గవర్నరు జడ్జికి చెప్పకూడదు. కేసులో సలహా కూడా ఇయ్యకూడదు."

"చెప్పకూడదు, ఇయ్యకూడదు. మరి ఈ ఉద్యోగమెందుకు సార్?"

గవర్నరు పక్కనే నిలబడ్డ తన మిలిటరీ సహాయకుడు ఏడీసీ వైపు చూశారు. ఏడీసీకి తెలుగు రాదు.

కేసేమిటో చెప్పమన్నారు. ఈరమ్మ మొదటి నుంచీ చెప్పింది. భర్త పోయినప్పటి నుంచి ఆ చేను కౌలుకు దున్నింది మస్తాన్ అని, పంటలో భాగం ఏటా తనకే కొలిచాడని మధ్యలో వచ్చింది.

"ఈ మస్తాను సంగతి నాగభూషణానికి చెప్పినావా?"

"యాడ చెప్పేది సార్? కోర్టు మెట్లు దిగతా మాట్లాడతాడు. నేను నోరు తెరిచేలోపల కారెక్కుతాడు."

"ఆయన ఇంటికి పో. ఇప్పుడు చెప్పినట్టే కూర్చుని చెప్పు."

"ఆయప్ప ఇంట్లో బల్ల యాడుంది సార్?"

ఆ వారమే నన్ను లారీ ఎక్కించారు. ఈరమ్మకు ఏ సలహా ఇచ్చారని తర్వాత ఎవరూ ఆయన్ను అడగలేదు. రాజ్‌భవన్‌లో తాడు, బోర్డు మాత్రం మరికొన్నాళ్లు ఖాళీ స్థలాన్ని కాపలా కాశాయని విన్నాను.

కదిరిలో నాగభూషణం నన్ను తన వరండాలో వేయించాడు. గురువుగారు పంపిన బల్ల కదా, మొదట్లో మొహమాటానికి క్లయింట్లను కూర్చోబెట్టేవాడు. తర్వాత అలవాటైంది. ఈరమ్మ నా మీద కూర్చుని అన్నీ చెప్పాక, మస్తాన్ కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పాడు. చేను ఈరమ్మదేనని తీర్పు వచ్చింది.

పదవీకాలం ముగిశాక హనుమంతరాయ కదిరి తిరిగొచ్చారు. ఒక ఉదయం నాగభూషణం ఇంటికి వచ్చేసరికి నా మీద ఐదుగురు కూర్చుని ఉన్నారు. లోపలికి వెళ్లబోతుంటే చివరాయన ఆపాడు.

"లైన్లో రా పెద్దాయనా. మేమూ కేసులోళ్లమే."

చోటు లేదు. ఆయన గోడ పక్కన నిలబడ్డారు.