తల కింద ఇనుము

నా మొగుడు హరిలాల్ మెలకువలో చీమను కూడా తొక్కడు. తన్నడం, గుద్దడం అంతా నిద్రలోనే. పోయిన నెల నా పన్ను కదిలేలా ఒక్కటిచ్చాడు. "ఏం పోయేకాలమొచ్చిందయ్యా నీకు!" అని లేపితే, చేన్లో పంది పడిందన్నాడు. మోతె దగ్గరి మా తండాలో వరి పొట్టకొస్తే అడవి పందులకు కావలి తప్పదు. ఈయన కావలి మంచం మీద కూడా సాగుతోంది.

సూర్యాపేట దవాఖానకు ఈడ్చుకుపోయాను.

"కల వచ్చేటప్పుడు మెదడు ఒంటికి తాళం వేస్తదమ్మా," అంది డాక్టరమ్మ. "అందుకే కలలో ఎంత ఉరికినా మన కాళ్లు కదలవు. మీ ఆయనకు ఆ తాళం పడుతలేదు. తెల్లారగట్ల కలలు ఎక్కువ, అప్పుడే జాగ్రత్త. పక్కన ఎవర్నీ పండనియ్యకు. చేతికందేటట్టు ఏదీ ఉంచకు."

గోళీలు తెచ్చుకున్నాం. ఆయన మంచం వసారాలో వేశాను. కర్ర, చెంబు, టార్చిలైటు అన్నీ తీసేశాను. మా అత్త పుష్పాబాయి మూతి తిప్పింది. "నా పిల్లగానికి పీడకలలొస్తుంటే మెదడంటది, తాళమంటది!" ముసలమ్మతో ఎవరు పడతారు?

ఒక తెల్లవారుజామున బర్రెకు కుడితి పెడదామని లేచాను. నా పక్కలో మనవరాలు రమ్య లేదు. చలిపెడితే తాత దుప్పట్లో దూరడం దానికి అలవాటు. వసారాలోకి ఉరికాను.

ఆయన మంచం మీద మోకాళ్లపై లేచి ఉన్నాడు. కళ్లు మూసే ఉన్నాయి. "హోయ్! హోయ్!" అని అదిలిస్తూ చెయ్యెత్తాడు. చేతిలో కొడవలి!

అమ్మో! కింద దిండు మీద రమ్య నిద్రపోతోంది. పిల్ల కాలు దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజాను. కొడవలి దిండులో దిగింది. పిల్ల కెవ్వుమంది. ఆ కేకకు ఆయన కళ్లు తెరిచాడు.

అత్త వచ్చి, దిండును చూసి అక్కడే కూలబడింది. "నేనే పెట్టిన బిడ్డా," అని నా చెవిలో గొణిగింది. "తల కింద ఇనుముంటే పీడకల రాదని..."

చిన్నప్పుడు మా అమ్మ నాకూ అట్లాగే పెట్టింది.

ఆయన రమ్యను ఎత్తుకుని ఒళ్లంతా తడిమాడు. "ఏడ్వకు బిడ్డా. పంది నీ మీదికే వచ్చింది. నేనుండంగ నిన్ను ముట్టనిస్తనా? జర ఆలస్యమైతే ఖతమే. ఒక్క దెబ్బకు నరికిన," అన్నాడు.

అప్పుడు దిండును చూశాడు.

పిల్లను నా చేతుల్లో పెట్టి, రెండు చేతులూ నా ముందుకు చాపాడు.

"ఇగ పండుకునేటప్పుడు ఇవి కట్టెయ్ శాంతా," అన్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి, ఆ చేతులు పట్టుకోవడానికి నాకు భయమేసింది.