వీపు మీద సంతకం

నేను ఒక ప్రామిసరీ నోటును. తెనాలిలో ఒక నాటకాల కంపెనీ పాకలో, రంగులు పూసుకునే అద్దం ముందు పుట్టాను. యజమాని సుందరరామయ్య దుర్యోధనుడి కిరీటమైనా తీయకుండా నా మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేశాడు. నాటకాల తెరల మీద బొమ్మలు రాసిన వీరాచారికి గాని, అతని ఆర్డరు పొందినవారికి గాని, కోరగానే నాలుగు వందల రూపాయలు ఇస్తానని నాలో రాసి ఉంది.

“రొక్కం లేదు చారీ. ఈ సీజను వెళ్ళనీ,” అన్నాడు.

ఆ తెరల గుడ్డా రంగులూ చారి రత్తయ్య కొట్లో అరువు తెచ్చాడు. రత్తయ్య తొందరపెడుతుంటే నన్ను పట్టుకెళ్ళి ఇచ్చాడు.

“బాకీ పోను మిగతాది రొక్కం ఇస్తాను. వెనక నా పేర రాసి సంతకం చెయ్యండి,” అన్నాడు రత్తయ్య.

“బాకీదారు ఆయన కదండీ, నా సంతకమెందుకు?”

“చేతులు మారిందని గుర్తుకు.”

రత్తయ్య అబద్ధమాడలేదు. సగం చెప్పాడు, అంతే. మనుషులు నా ముఖం మీద సంతకం చెయ్యాలంటే పదిసార్లు ఆలోచిస్తారు. వీపు మీదైతే నిలబడే చేసేస్తారు. చారి కూడా నిలబడే చేశాడు.

ఆ వానాకాలం కంపెనీ మూతపడింది. పక్కనే సినిమా హాలు లేచింది. పేరున్న నటులు వెళ్ళిపోయారు. అప్పులవాళ్ళు తెరలు పట్టుకుపోయారు. సుందరరామయ్యను అడగబోయి వట్టి చేతులతో తిరిగొచ్చిన రత్తయ్య తిన్నగా చారి ఇంటికొచ్చాడు.

“ఆయన ఇవ్వలేదు. ఇక మీరే ఇవ్వాలి.”

“నేను తీర్చేశాను గదండీ.”

“నోటుతో తీర్చారు, నోటు చెల్లలేదు. వెనక సంతకం చేసినవాడు పూచీపడ్డట్టే. ‘నాకు బాధ్యత లేదు’ అని ఒక్క ముక్క రాసుంటే మీ గడప తొక్కేవాణ్ణి కాదు.”

“ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?”

“చెబితే మీరు రాసేవారు. రాస్తే నేను తీసుకునేవాణ్ణి కాదు.”

ప్లీడరూ అదే మాట అన్నాడు. రాజదర్బార్లు రాసిన చారి నిచ్చెనెక్కి గోడల మీద పళ్ళపొడి ప్రకటనలు రాశాడు. తన తెరలకు తానే డబ్బు కట్టాడు. బాకీ తీరాక రత్తయ్య చారి సంతకం కొట్టేసి నన్ను తిరిగి ఇచ్చాడు. రాసిన మూడేళ్ళలోపు సుందరరామయ్య మీద దావా వెయ్యమని ప్లీడరు చెప్పాడు.

చారి నన్ను జేబులో పెట్టుకుని రేపల్లె వెళ్ళాడు. సత్రం అరుగు మీద పక్షవాతంతో పడి ఉన్నాడు సుందరరామయ్య. ఊరంతా వినబడే గొంతు, ఇప్పుడు మంచినీళ్ళని కూడా అనలేకపోయింది. భార్య ఆయన మూతి తుడుస్తోంది.

“తెరలు ఎక్కడున్నాయమ్మా?” అనడిగాడు చారి.

“గోడౌన్లో మిరప బస్తాల మీద కప్పారట, బాబూ.”

చారి చెయ్యి జేబు మీదే ఉండిపోయింది. నన్ను తీయలేదు.

ఇంటికొచ్చాక భార్య మాణిక్యం పెన్ను తెచ్చి ఇచ్చింది.

“పక్కూరి శేషయ్య కొత్తగా వడ్డీలకిస్తున్నాడు. ఈ నోటు అతనికిచ్చి రొక్కం తెచ్చుకుందాం. కంపెనీ సంగతి అతనికి తెలీదు, ‘నాకు బాధ్యత లేదు’ అని రాస్తే ఏమిటో కూడా తెలీదు. రాసి సంతకం పెట్టండి. మన మీదికి రాదు.”

చారి నన్ను బోర్లా పెట్టుకుని పెన్ను మూత తీశాడు.

“తెలీకనే తీసుకుంటాడు, మాణిక్యం.”

“మనకు తెలిసిందా?”

చారి పెన్ను మూత పెట్టేశాడు. మర్నాటి నుంచి మాణిక్యమే నిచ్చెన పట్టుకుంది. కూలి మనిషికి ఇచ్చుకునే స్తోమతు లేదు.

దావాకు మూడేళ్ళ గడువు దాటిపోయిందని ప్లీడరు కబురు చేసినప్పుడు నేను ట్రంకుపెట్టె అడుగున ఉన్నాను.

“పోనీలే. ఇక ఎవరికీ అంటగట్టడానికి వీల్లేదు,” అన్నాడు చారి. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

మాణిక్యం తినలేదు.