అరవై మూడో మాట

ఆ పొద్దున మబ్బు పట్టింది గానీ వాన పట్టలేదు. మసిగుడ్డ లాంటి మబ్బొకటి పడమటి నుంచి వచ్చి సరిగ్గా మా ఇంటి మీద ఆగింది. గాలి లేదు. కురిస్తే కురవాలి, పోతే పోవాలి. అది రెండూ చెయ్యలేదు. నేను గడప మీద కూర్చుని దాన్ని చూస్తూ ఎక్కం చదువుకుంటున్నాను.

లెక్కల ఎక్కం కాదు, స్పానిష్ ఎక్కం.

పద్నాలుగేళ్ళు బోరు బండి మీద లివర్ పట్టిన చెయ్యి నాది. రాడ్డు మోత మారితే కింద రాయి మారిందని చెప్పేవాణ్ణి. నాలుగు నెలల కిందట ఓనరు బండి అమ్మేశాడు. అప్పట్నుంచి పాడైన మోటార్లు విప్పడం, బిగించడం. చేసిందీ లేదు, చెయ్యనిదీ లేదు అన్నట్టుండే పని. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు కూడా వేళ్ళు లివర్ పట్టినట్టే ముడుచుకునేవి. మా ఆవిడ చూసి తల తిప్పుకునేది.

అప్పుడొచ్చాడు ఏజెంటు. స్పానిష్ మాట్లాడే దేశంలో బోర్లు వేసే కంపెనీకి ఇద్దరు కావాలట. లివర్ పట్టేవాడొకడు, రాడ్లు అందించేవాడొకడు. నేనూ మా తోడల్లుడూ మొదట్నుంచీ ఒకే బండి మీద చేశాం. ఆ మోతలో మాట వినపడదు కనుక అంతా సైగలే మాకు. పిడికిలి బిగిస్తే ఆపు. వేలు తిప్పితే తిప్పు. అరచెయ్యి పైకెత్తితే రాడ్డు లేపు.

"అక్కడ మీ సైగలు చెల్లవు," అన్నాడు ఏజెంటు. "కిందటిసారి వెళ్ళినవాడు సైటు మాటలు అర్థంకాక రాడ్డు కాలి మీద వేసుకున్నాడు. అందుకే అక్కడి మేస్త్రీ ముందు ఫోన్లో చూసి, మాట్లాడి తీసుకుంటున్నాడు. పుస్తకంలో భాష కాదు, పనివాళ్ళ నోట్లో ఉండే భాష రావాలి."

మా ఆవిడ నవ్వు ఆపుకోలేదు. "ఈయన తెలుగులోనే రోజుకి పది మాటలు మించి ఆడడు బాబూ. అందులో నాలుగు 'ఊ'లే."

నేర్పడానికి వెల్డింగు షాపాయన దొరికాడు. ఆ దేశంలో ఆరేళ్ళు చేసి వచ్చినవాడు. సాయంత్రాలు ఆయన షాపులో తిరగేసిన డ్రమ్ము మీద నేనూ, ఇనుప బల్ల మీద మా తోడల్లుడూ కూర్చునేవాళ్ళం.

"కే ఓండా. అంటే, ఏంటి సంగతి అని."

"ఎప్పుడనాలి?" అన్నాను.

"అనాలనిపించినప్పుడు."

"ఎప్పుడనిపిస్తుంది?"

"నీకా? నీకు ఈ జన్మలో అనిపించదు," అని మొహానికి అద్దం అడ్డం పెట్టుకుని నిప్పులు రాల్చడం మొదలుపెట్టాడు.

మా తోడల్లుడికి ఏ ఇబ్బందీ లేదు. ఇరవై మాటలు పట్టాడు, వాటిని టీకొట్టు దగ్గర అందరి మీదా విసిరాడు. టీ ఆలస్యమైతే ఒకటి, కుక్క అడ్డమొస్తే ఒకటి. తప్పో ఒప్పో వాడికి పట్టదు. "అన్నయ్యా, భాషంటే ఏముంది, ముందు నోరు తెరవాలి, తర్వాత అదే వస్తుంది," అనేవాడు.

నాకు అలా రాదు. ఆయన చెప్పిన నూట నలభై మాటలూ మా ఆవిడ నోటుబుక్కులో అంకెలు వేసి రాసిపెట్టింది. వాటిని నాకు తెలిసిన ఒకే ఒక్క దారిలో నేర్చుకున్నాను. మా బడి మేష్టారు ఎక్కాలు బెత్తంతో ఎక్కించాడు. ఇప్పటికీ ఎవరైనా ఏడెనిమిదులెంత అంటే ఏడొకట్ల ఏడు దగ్గర మొదలెట్టి మెట్టూ మెట్టూ ఎక్కితే గానీ యాభై ఆరు నాకు చేతికందదు. ఈ మాటలూ అంతే అయ్యాయి. ఒకటి కే ఓండా, ఏంటి సంగతి. రెండు చాంబా, పని. మూడు బ్రోన్కా, ఇబ్బంది. నాలుగు యా మేరో, అయిపోవచ్చింది. అదే రాగం, అదే ఊపు. నూట నలభై దాకా ఎక్కడా తడబడను.

"వరసలో వద్దయ్యా," అని మా ఆవిడ ఎన్నిసార్లందో. "వాడేమన్నా మీ మేష్టారా వరసలో అప్పజెప్పించుకోవడానికి? మధ్యలోంచి అడుగుతాడు. ఏదీ, పనికిరాని సరుకుని ఏమంటారు?"

నేను ఒకటి దగ్గర మొదలుపెట్టాను.

"పొయ్యి మీద కూర మాడిపోతోంది, నువ్వింకా ఇరవైలో ఉన్నావా!"

ముందురోజు మా తోడల్లుడి పరీక్ష ఏజెంటు ఆఫీసులో అయింది. అడిగింది సగం అర్థం కాలేదట. ప్రతిదానికీ యా మేరో అని నవ్వాడట, అవతల మేస్త్రీ కూడా పడీ పడీ నవ్వాడట. గట్టెక్కేశాడు. నన్ను మాత్రం ఇంటి దగ్గరే ఫోన్లో చూస్తామన్నారు. పక్కన ఎవరూ ఉండకూడదు, చేతులు ఊపకూడదు, నోటితో చెప్పాలి.

పదింటికి ఫోన్ మోగింది. బియ్యం డబ్బాకి ఆనించి పెట్టాను. తెర మీద మేస్త్రీ కనపడ్డాడు. ఎండకి కమిలిన మొహం, చెవి వెనక పెన్సిలు. అక్కడ రాత్రి, వెనకాల లైట్ల వెలుగులో బండి నిలబడి ఉంది. నాలుగు నెలల తర్వాత బండిని చూడటం. కంప్రెసర్ నీలం రంగు. రాడ్లు సరిగ్గా పేర్చలేదు.

"కే ఓండా?" అన్నాడు.

"కే ఓండా," అన్నాను. మొదటి మాటే అడిగాడు, దేవుడున్నాడు అనుకున్నాను. ఆయన పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. చాంబా అంటూ ఏదో అన్నాడు. రెండో మాట. ఎన్నేళ్ళ పని అని తోచింది. పద్నాలుగు అంకె వచ్చు, చెప్పాను.

అప్పుడు పక్కనుంచి ఒక బిట్టు ఎత్తి కెమెరాకి దగ్గరగా పట్టాడు. బిట్టంటే రాడ్డు కొసన రాయిని కొట్టే ఇనుప దిమ్మ, దాని మొహం నిండా గోళీల్లాంటి మొనలుంటాయి. ఇది ఎలా ఉంది అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

ఎలా ఉందో చూడగానే తెలిసింది. ఒక పక్క మొనలు అరిగి చదునైపోయాయి, రెండో పక్క కొత్తవాటిలా ఉన్నాయి. రాడ్డు వంకరగా దిగుతోందన్నమాట. దాన్ని ఇంకో వంద అడుగులు దింపితే ఇరుక్కుంటుంది, బోరు పోతుంది. పనికిరాదు. ఒక్క మాట చాలు. ఆ మాట నాకొచ్చు. నోటుబుక్కులో ఉంది.

ఒకటి కే ఓండా. రెండు చాంబా. మూడు బ్రోన్కా.

మేస్త్రీ బిట్టు పట్టుకునే ఉన్నాడు. నేను పదిహేడులో ఉన్నాను. ఆయన కళ్ళు చికిలించాడు. ఇరవై ఆరు. బిట్టు దించి ఫోన్ని తట్టాడు, రెండుసార్లు ఊపాడు. నేను కదలకుండా ఉండేసరికి బొమ్మ నిలిచిపోయిందనుకున్నాడు. ఫోన్ ఆగిపోయింది.

వెంటనే ఏజెంటు చేశాడు. "ఏంటండీ, సిగ్నల్ లేదా?"

"ఉంది."

"మరి బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే ఎలా? మళ్ళీ చేయిస్తున్నాను. ఏదో ఒకటి మాట్లాడండి మహాప్రభో."

మళ్ళీ అదే మొహం, అదే బిట్టు. ఫోనుకి కనపడకుండా వంటగది గుమ్మంలో మా ఆవిడ నోటుబుక్కు చంకలో పెట్టుకుని నిలబడింది. ఆగలేకపోయింది పాపం. ఆరు వేళ్ళు చూపించింది, ఆ తర్వాత మూడు. అరవై మూడు. నా ఒళ్ళు మండిపోయింది. అరవై మూడని తెలిస్తే నాకేం లాభం? దారి ఒకటి దగ్గర్నుంచే కదా! మళ్ళీ కే ఓండా, మళ్ళీ చాంబా. ఈసారి పరిగెత్తాను. పరిగెత్తితే ముప్ఫై ఎనిమిది దగ్గర జారాను. వెనక్కి వచ్చి అందుకున్నాను. నలభై ఒకటికి చేరేసరికి మేస్త్రీ నిట్టూర్చి, బిట్టు పక్కన పెట్టి, చెవి వెనక పెన్సిలు తీసి కాగితం మీద ఏదో గీశాడు. తెర నల్లబడింది. అందులో నా మొహం కనపడింది. నోరు తెరిచే ఉంది.

పన్నెండు దాటాక ఏజెంటు చేశాడు.

"మీ తోడల్లుడు ఖాయం. లివర్ పట్టడానికి ఇంకెవర్నో చూసుకుంటారట."

"ఆ బిట్టు పనికిరాదని చెప్పండి," అన్నాను. "ఒకే పక్క అరిగింది. దింపొద్దని చెప్పండి."

"ఇప్పుడా? అది అప్పుడు చెప్పాల్సింది." గొంతు తగ్గించాడు. "ఆయన ఏమన్నాడంటే, మనిషి మంచోడే, కానీ ప్రమాదమొస్తే ఎంతసేపటికి అరుస్తాడు అని."

ప్రమాదమొస్తే నేను అరవను. లివర్ అప్పటికే లాగేసి ఉంటాను. అది చూపించడానికి ఫోన్లో లివర్ లేదు.

మోటారొకటి విప్పి ఉంటే దాని ముందు కూర్చున్నాను. ఒక బోల్టు ఊడి రాలేదు. స్పానరు విసిరి కొట్టాను. గోడకి తగిలి, తిరిగి నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. తీసుకున్నాను.

అన్నం వేళకి మా తోడల్లుడు వచ్చాడు. గుమ్మం బయటి నుంచే మొదలుపెట్టాడు: "అన్నయ్యా, నేనొక మాట చెప్తా విను, నువ్వు లేకపోతే నేను..." మా ఆవిడ మొహం చూసి ఆగాడు. చెప్పులు విప్పాడు. వాడు ఒక మాట సగంలో ఆపడం నేను మొదటిసారి చూశాను.

ముగ్గురం కింద కూర్చున్నాం. మా ఆవిడ వడ్డించింది. ఆ రోజూ కూర మాడింది, ఆ అడుగు తన కంచంలో వేసుకుంది. మా తోడల్లుడికి అన్నం రెండోసారి వేస్తుంటే, చాలని చెప్పడానికి పిడికిలి బిగించాడు. బండి మీద ఆపమనే సైగ. ఆమెకి అది తెలియదు, ఇంకో గరిటె వేసింది. వాడు పిడికిలి అలాగే పట్టుకుని నా వైపు చూశాడు. నేను గరిటె పక్కకి జరిపాను. వాడు తల దించుకుని కలుపుకున్నాడు.

బయట మబ్బు అలాగే ఉంది. ఎక్కం ఒకసారి మొదలైతే మధ్యలో ఆగదు, నాకు చిన్నప్పట్నుంచీ అంతే. నలభై ఒకటి దగ్గర వదిలేసిన ఎక్కం లోపల దానంతటదే నడుస్తూనే ఉంది. యాభై. యాభై ఎనిమిది. అరవై రెండు. అరవై మూడు చాఫా, పనికిరానిది.

నోట్లో ముద్ద ఉంది. మింగాను.