గుండిగ రెండో చెవి

ఏరు పొంగి వంతెన కొట్టుకుపోయిన తర్వాతి ఏడు జరిగిందిది. ఆ వరదలోనే బావమరిది కుట్టుమిషనూ పోయింది, దుకాణమూ పోయింది. ఇంట్లో చూస్తే ఇద్దరు చిన్నపిల్లలు. తమ్ముడికి ఏదో దారి చూపమని పెళ్లాం పెట్టే పోరు పడలేక బావ అతన్ని తను పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ వంటింట్లో పెట్టించాడు. ఇద్దరిదీ ఒకటే పని. పొయ్యి మీద ఉడికిన పెద్ద గుండిగల్ని చెరో చెవి పట్టుకుని కిందికి దించడం.

బావమరిది పిలుపు విని వంటింట్లో అందరూ బావని బావగారనే పిలిచేవారు. కాలేజీ ఆడపిల్లలు మాత్రం సిగ్గుపడి పెదనాన్నా అనేవారు.

ఆ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకి ఒక పద్ధతి ఉంది. ఎవరో ఒకరి పనిలో కష్టం చూసి, దానికి తమ చేతుల్తో ఒక సాధనం చేసి తేవాలి. ఓ కళ్లజోడు పిల్లా, ఆమె జట్టువాళ్లూ బావగారు నడుం పట్టుకుని గోడకి ఆనుకోవడం చూశారు. అంతే, ఇంక ఆయన్ని వదల్లేదు. ఎక్కడ నొప్పి, ఎంత వంగుతారు, ఏ కాలు ముందు పెడతారు అని అడిగారు. కొలతలకి టేపు రెండో కొస పట్టుకున్నది బావమరిదే.

"మా బావ నడుముకి సరేగానీ, నోటికి కూడా ఓ మూత చెయ్యండమ్మా," అన్నాడు. బావగారు గరిటె ఎత్తి చూపించాడు.

చివరికి చక్రాల బండి మీద ఓ గిలక, తిప్పడానికి ఒక పిడి, గుండిగ జారిపోకుండా ఒక ఇనప నాలుక. పిల్లలే కోశారు, పిల్లలే అతికారు. చేతులనిండా బొబ్బలు.

చూపించే రోజున పంతుళ్లంతా వచ్చారు. హాస్టల్ మేనేజరు ముందు వరసలో కూర్చున్నాడు. నడుముకి ఎంత సుఖమో చెబితే చాలు పెదనాన్నా అని ఆ పిల్ల ముందే చెప్పింది. కానీ అంతమంది తనవైపే చూస్తుంటే బావగారికి ఊపొచ్చేసింది. బావమరిదిని పక్కకి జరగమన్నాడు. ఒంటిచేత్తో పిడి తిప్పి నిండు గుండిగని పైకి లేపి, చుక్క తొణక్కుండా కింద పెట్టాడు.

"ఇదివరకు ఇద్దరం పట్టేవాళ్లం. ఇప్పుడు నేనొక్కణ్ణి చాలు," అన్నాడు.

హాలు చప్పట్లతో మోగిపోయింది. మేనేజరు లేచి నిలబడ్డాడు. మనిషిలో కోపం లేదు, నిజంగానే సంబరపడ్డాడు.

"బాగుందయ్యా. అయితే రేపట్నుంచి రెండో అతను రానక్కర్లేదన్నమాట."

బావగారి చెయ్యి పిడి మీదే ఉండిపోయింది. వేళ్లు విప్పుదామంటే రావడం లేదు. అందరితోపాటు చప్పట్లు కొడుతున్న బావమరిదికి మాట అర్థమయ్యేసరికి రెండు అరచేతులూ అలాగే ఆగిపోయాయి. కళ్లజోడు పిల్ల గోడమీద తను గీసిన పటం వైపు తిరిగింది. అందులో పొయ్యి ఉంది, గుండిగ ఉంది, నడుం దగ్గర ఎర్ర గుర్తుతో బావగారున్నారు. రెండో చెవి దగ్గర ఎవరూ లేరు.

"మేం... నడుం గురించే అడిగాం," అంది. మొదటి బహుమతికి తన జట్టుని పిలిచినా కదల్లేదు.

బావగారు మేనేజరు వెంట వరండాలోకి పరిగెత్తాడు. ఒక్కడివల్ల కాదు బాబూ అన్నాడు. ఇందరి ముందు నువ్వే చేసి చూపించావు గదా అని ఆయన నవ్వాడు.

ఇంటికి వెళ్లేసరికి కబురు ముందే చేరింది. భార్య కంచం పెట్టింది, అన్నం పెట్టింది, నీళ్లు పెట్టింది.

"మీ నోటితో మీరే అన్నారట గదా?" అంది. బావగారు కంచం పక్కకి జరిపి లేచాడు.

మర్నాడు పొద్దున బావమరిది తన తువ్వాలు తీసుకుపోదామని వంటింటికి వచ్చాడు. బావగారు చెయ్యి పట్టి లాక్కెళ్లి బండి పిడి అందించాడు. నాలుక ఎక్కడ పడాలో చూపించాడు. ఓ గుండిగ దింపించాడు, ఇంకోటి దింపించాడు. తర్వాత తన నడుముకున్న గుడ్డ విప్పి అతనికి కట్టాడు.

"మరి నువ్వో, బావా?"

బావగారు వినిపించుకోలేదు. తిన్నగా మేనేజరు గదికి వెళ్లి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఒక్కడు చాలన్నారు గదా. ఆ ఒక్కడూ వంటింట్లో ఉన్నాడు," అని చెప్పి, నడుం పట్టుకుని ఇంటిదారి పట్టాడు.