అతకని మత్సా ముక్క

బ్యూనస్ ఐరిస్‌లో సైన్యం గద్దెనెక్కి ఏడాది దాటింది. పస్కా పండుగ ముందరి శుక్రవారం పొద్దున, యూదుల శిశుతరగతి ముందు నంబరు ప్లేటు లేని ఆకుపచ్చ కారు ఆగింది. బూడిదరంగు సూటు మనిషి ఒకడు దిగి, తలుపు కూడా తట్టకుండా లోపలికొచ్చాడు.

పెసియా టీచరు పైకి చూడకుండా తల దించుకుంది. నాటకాల వేషాల బట్టలు పెట్టే గది పైన, అటక మీద ఎస్తెలా ఉంది. మొన్నటిదాకా ఈ పిల్లలకు పాటలు నేర్పిన అమ్మాయే. ఆమె చేసిన నేరం? సైనికులు పట్టుకుపోయాక మాయమైపోయిన ఫ్యాక్టరీ కూలీల పేర్లు కాగితం మీద రాసింది. అంతే. దానికే నాలుగు రోజులుగా ఊరంతా గాలిస్తున్నారు.

"ఇక్కడేం నేర్పుతున్నారో చూసి రమ్మన్నారు మేడమ్. కానివ్వండి, నేనేం అడ్డు కాను," అంటూ వాడు పిల్లల కుర్చీ ఒకటి కాలితో లాక్కుని కూర్చున్నాడు.

బల్ల మీద పస్కా విందు అప్పటికే పరిచి ఉంది. పులియని మత్సా రొట్టెను పిల్లల ముందే విరిచి, పెద్ద ముక్కను పెసియా వాళ్ళ కంటపడకుండా పియానోలో దాచింది. అది దొరికితే గానీ విందు ముగియదు. దొరికినవాళ్ళకు బహుమతి. ఈ బడిలో ఇంకో నియమం కూడా ఉంది, అది ఆమె పెట్టిందే. తెచ్చిన ముక్కను బల్ల మీది ముక్కకు ఆనించి, అతికిందో లేదో పిల్లలే చూసి చెప్పాలి. టీచరు చెప్పిందని నమ్మకూడదు. చూడండి, అడగండి, ఊరికే తలూపకండి: పదకొండేళ్ళుగా ఆమె నేర్పిందల్లా అదే.

ఇప్పుడు ఆపితే అనుమానం వస్తుంది. "వెతకండి, ఈ గదిలోనే సుమా," అంది.

ఊరికే తలూపొద్దని పెంచిన పిల్లలు ఆ గదిలో ఉంటారా? పద్నాలుగు మందీ తలో దిక్కు పరిగెత్తారు.

"వెతకడంలో గట్టివాళ్ళే," నవ్వాడు సూటువాడు. "మావాళ్ళూ అంతే లెండి."

పైన చెక్క కిర్రుమంది. వాడు తలెత్తాడు.

"పిల్లలండీ," అంది పెసియా.

కాసేపటికి సిల్వినా మత్సా ముక్క పట్టుకుని వచ్చింది. మొహం సున్నంలా పాలిపోయింది.

"ఎక్కడ దొరికిందమ్మా?" అన్నాడు వాడు.

"వేషాల బట్టల్లో."

పొద్దున ఎస్తెలాకు తాను పెట్టిన రొట్టే అది! అటకెక్కిన పిల్లను గబగబా కిందికి పంపడానికి ఎస్తెలాయే చేతిలో పెట్టి ఉంటుంది. పెసియా చూస్తుండగానే సిల్వినా ముక్కను ఆనించింది. మధ్యలో వేలు దూరేంత సందు.

"అతకలేదు!" అని చప్పట్లు కొట్టింది రుతి. "ఇది దొంగ ముక్క!"

సూటువాడు లేచి నిలబడ్డాడు. "మరి ఇదెక్కడిది మేడమ్?"

"అంచు... అంచు విరిగుంటుందండీ."

"ఒరేయ్, నువ్వు చెప్పరా."

వాడు వేలు చూపింది ఫాబియాన్‌ను. రెండూ రెండూ నాలుగంటే వేళ్ళు లెక్కపెట్టి గానీ ఒప్పుకోని రకం. ఆ పిల్లాడు పొట్ట మీద చెయ్యి అదిమిపెట్టుకుని టీచరు చేతికేసి చూశాడు. ఆ చెయ్యి ఆనిన చోట బల్ల వణుకుతోంది. గిన్నెలో ద్రాక్షరసం కదులుతోంది.

"అతికింది సార్."

"అతికిందా?"

"అతికింది. రుతికి సరిగ్గా కనబడదు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయింది."

రుతి నోరు తెరిచింది. ఫాబియాన్ మొహం చూసి మూసుకుంది.

"మంచి పిల్లలు. చెప్పినట్టు వింటారు." సూటువాడు ఆ ముక్కనే కరకరా కొరికాడు. "ఉప్పన్నా వెయ్యరేంటండీ," అంటూ వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకున్నాక ఫాబియాన్ తన చొక్కా కిందనుంచి ఇంకో ముక్క తీశాడు. పియానోలోది. బల్ల మీది ముక్కకు చక్కగా అతికింది.

"పైన ఎవరున్నారు టీచర్?" వాడు గుసగుసగా అడిగాడు.

పదకొండేళ్ళలో ఏ పిల్లాడి ప్రశ్ననూ ఆమె తోసెయ్యలేదు.

"ఎవరూ లేరు నాన్నా."

వాడు ఊరికే తలూపాడు.

మధ్యాహ్నం గేటు దగ్గర తల్లులు వంగి వంగి పిల్లల్ని ముద్దుపెట్టుకుంటున్నారు. "ఇవాళ ఏం చేశారు బంగారం? ఏం నేర్చుకున్నారు?" వీధి మొగలో ఆకుపచ్చ కారు అలాగే ఉంది, అద్దాలు దించి. కిటికీ వెనక పెసియా పద్నాలుగు నోళ్ళనూ ఒక్కొక్కటిగా చూస్తోంది.

"ఏం లేదమ్మా," అంటున్నాడు ఫాబియాన్.

సిల్వినా మాత్రం తల్లి చెవిలో ఏదో చెప్పబోతోంది.