హెల్వి పుచ్చుకున్న భయం

పొద్దుటి విమానానికి హెల్వి చేసే పనులు ఎప్పుడూ ఒకే వరసలో ఉండేవి. ఫ్లాస్కుల నిండా కాఫీ పోయించుకోవడం, ఏలకుల బన్నులు బుట్టలో సర్దుకోవడం, రెక్కల మీది మంచు గీకేశారో లేదో కిటికీలోంచి ఓసారి చూడడం, తలుపు బిగించడం. ఆ తర్వాత ఇరుకు నడవలో ముందు నుంచి వెనక దాకా నడుస్తూ ఒక్కొక్కరి మణికట్టు పట్టుకునేది. పట్టుకుంటే చాలు, ఆ మనిషి భయం ఆమె చేతిలోకి వచ్చేసేది. చలికాలంలో ఉత్త చేత్తో ఇనప కమ్మీ తాకినట్టు జివ్వుమనేది. వాళ్లు మాత్రం హాయిగా కాఫీ తాగుతూ, పేపరు విప్పుకుని, కింద వెళ్లిపోతున్న సరస్సుల్ని చూస్తూ కూర్చునేవాళ్లు.

"ఇంతేనా? నేనేదో సూది గుచ్చుతావేమో అనుకున్నానే అమ్మాయీ," అంది ఓ రోజు మొదటిసారి విమానమెక్కిన ముసలావిడ. "అయితే ఇంకో బన్ను ఇటియ్యి."

ఆ విమానాల సంస్థ పేరు కూయిక్కా. అది ఆ సరస్సుల మీద అరుస్తూ తిరిగే నీటిపక్షి పేరు. సంస్థ పెట్టినవాడు ఆర్మాస్. సారిలహ్తి ఊళ్లో హెల్వితో ఒకే బడిలో, ఒకే తరగతిలో చదివాడు. మాస్టారు నల్లబల్ల దగ్గరికి పిలిస్తే మోకాళ్లు వణికే రకం. అలాంటివాడు తండ్రి కట్టించిన కలప మిల్లు అమ్మి, పాతబడిన చిన్న విమానం ఒకటి కొన్నాడంటే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. హెల్సింకి వెళ్లాలంటే రెండు రైళ్లు మారాల్సిన ఊరు అది. ఎవరో ఒకరు చెయ్యాల్సిన పనే. ఆర్మాస్ చేస్తాడని మాత్రం ఎవరూ అనుకోలేదు.

మొదటి ప్రయాణంలో అందరికంటే ఎక్కువ భయపడ్డది అతనే. ముందు సీట్లో కూర్చుని, సీటు చేతుల్ని పీకేసేలా పట్టుకున్నాడు. పెదాలు తెల్లబడ్డాయి.

"హెల్వీ, దించెయ్యమని చెప్పవే. నేను దిగిపోతా."

"గాల్లో ఎక్కడ దిగుతావురా?" అంటూ ఆమె అతని మణికట్టు పట్టుకుంది. అంత భయం ఒక్క మనిషిలో ఉంటుందని హెల్వి అనుకోలేదు. భుజం దాకా మొద్దుబారిపోయింది. ఆర్మాస్ మాత్రం కిటికీలోంచి కిందికి చూసి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

అప్పట్నుంచి కూయిక్కాకి తిరుగులేకుండా పోయింది. అడవుల గుత్తేదార్లు, కాగితం మిల్లు ఇంజనీర్లు, ఆసుపత్రులకెళ్లే వాళ్లు, మనవల్ని చూడబోయే అమ్మమ్మలు, అందరూ ఆ విమానమే కావాలనేవాళ్లు. "మీ సామానే కాదు, మీ భయమూ మేమే మోస్తాం" అని విమానాశ్రయం గోడ మీద పెద్ద బోర్డు పెట్టారు. రెండో విమానం వచ్చింది, మూడోది వచ్చింది. ఏదైనా పెద్ద నిర్ణయం తీసుకోవాల్సిన రోజున ఆర్మాస్ నేల మీద ఉండగానే హెల్విని వెతుక్కుంటూ వచ్చేవాడు. చొక్కా చెయ్యి పైకి లాగి, మణికట్టు చాపేవాడు.

"ఇదిగో, కాస్త పుచ్చుకో. లోపల బ్యాంకువాళ్లు కూర్చున్నారు."

ఆమె పుచ్చుకునేది. అతను ఈల వేసుకుంటూ లోపలికి వెళ్లేవాడు.

శనివారాలు హెల్వి ఆవిరిస్నానాల గది సౌనాలో కూర్చుని, ఆ వారం పోగైన భయాన్ని చెమట రూపంలో వదిలించుకునేది. ఆమె మొగుడు ఒయివా కాగితం మిల్లులో ఎలక్ట్రీషియన్. పొయ్యి రగిలించి, నీళ్ల తొట్టి నింపి, ఆమె పని అయ్యేదాకా బయట అరుగు మీద కూర్చునేవాడు. తొందరపడి ఓసారి ముందే లోపలికెళ్లి, ఆవిరిలోని ఆ భయం తనకి పట్టుకుని, ఆ తర్వాత రెండు రోజులు మేడ మెట్లు దిగలేకపోయాడు.

ప్రయాణికుల భయమంతా అలా కారిపోయేది. ఆర్మాస్‌ది మాత్రం పోయేది కాదు. చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడిది కాబట్టో ఏమో, మోచేతి దగ్గర గట్టిపడి అక్కడే ఉండిపోయింది. ఏడాదికేడాది పెరిగింది. హెల్వికి టెలిఫోను మోగితే భయం. ఎవరైనా తలుపు తడితే భయం. రొట్టె కోసే కత్తి సొరుగులో ఉందని తెలిసినా, మళ్లీ మళ్లీ లేచి చూసుకునేది. అద్దంలో తన వెనక ఖాళీ గది కనిపిస్తే గుండె గుబగుబలాడేది.

"మానెయ్," అన్నాడు ఒయివా. "నా జీతం చాలదా మనకి?"

"మానేస్తే ఆ జనం భయమంతా ఎవరు మోస్తారు?"

"వాళ్లది వాళ్లే మోస్తారు. ఇన్నాళ్లూ మోయలేదూ?"

సోవియట్ యూనియన్ కూలిపోయిన ఏడాది ఒయివా జీతం కూడా పోయింది. సరిహద్దు అవతల కొనేవాళ్లు లేక మిల్లు మూతపడింది. విమానంలో సగం సీట్లు ఖాళీ. ఎక్కిన ఆ కొద్దిమందిదీ విమానం గురించిన భయం కాదు. ఇళ్లు, అప్పులు, చదువుకుంటున్న పిల్లలు. ఆ భయం చల్లగా జివ్వుమనేది కాదు, నానిన కంబళిలా బరువుగా వచ్చి చేతి మీద పడేది. సౌనాలో ఎంతసేపు కూర్చున్నా సగం కూడా దిగేది కాదు.

సరిగ్గా అప్పుడే ఆర్మాస్ స్టాక్‌హోమ్‌కి నడపడానికి పెద్ద జెట్ తెచ్చాడు. దాన్ని రన్‌వే మీద చూసి హెల్వి అతని గదికి పరుగెత్తింది.

"ఇదెవరి కోసంరా? ఎక్కడానికి మనుషులేరీ?"

"వస్తారు."

"అమ్మెయ్ ఆర్మాస్. పాతది ఒక్కటుంచుకుని, మిగతావన్నీ అమ్మెయ్. నాకు చాలా భయంగా ఉంది."

ఆర్మాస్ నవ్వాడు. ఆ నవ్వులో వెటకారమేమీ లేదు, ముద్దే ఉంది. "నీకు ఎప్పుడు భయం లేదు కనక? చీమ తుమ్మినా భయమేగా నీకు. నాకు చూడు, ఇసుమంత కూడా లేదు."

అతని ముఖం అంత నున్నగా, అంత నిశ్చింతగా ఉంది. ఆ గదిలో భయపడాల్సిన మనిషి ఒకడున్నాడు, వాడి భయం తన మోచేతిలో ఉంది. ఇన్నేళ్లూ తను చేసిందేమిటో ఆమెకి అప్పుడు అర్థమైంది. ఎలా తిరిగివ్వాలో మాత్రం తెలియలేదు. పుచ్చుకోవడమే గాని, ఇవ్వడం ఆమె ఎన్నడూ చేసి ఎరగదు.

జెట్ ఖాళీగా తిరిగింది. శీతాకాలం మొదలయ్యేసరికి దాన్ని అప్పులవాళ్లు పట్టుకుపోయారు, మొదటి విమానం తప్ప మిగతావాటినీ పట్టుకుపోయారు. గోడ మీది బోర్డు దించేశారు. ఊళ్లో సగం ఇళ్లవాళ్లు కూయిక్కాలో ఉద్యోగాలు చేసినవాళ్లే. కొట్టులో ఆర్మాస్ భార్య ఎదురుపడితే జనం ముఖం తిప్పుకునేవాళ్లు.

ఆఖరి ప్రయాణం మొదటి విమానంలోనే, హెల్సింకి నుంచి ఇంటికి. నలుగురైదుగురు ఉన్నారు. ముందు సీట్లో ఆర్మాస్. హెల్వి అలవాటుగా నడవలో నడిచి, అతని మణికట్టు పట్టుకుంది.

ఏమీ లేదు.

కొద్దోగొప్పో కూడా లేదు. ఎవరూ కాపురం లేని ఇంటి తలుపు గడియ పట్టుకున్నట్టుంది. సర్వం పోగొట్టుకుని ఇంటికి వెళ్తున్న మనిషిలో, ఎవరికీ ముఖం చూపించలేని మనిషిలో, భయమన్నది చుక్క లేదు. హెల్వి అంతవరకూ పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. పక్క సీట్లో కూలబడింది.

"ఏమైందే?" అన్నాడు ఆర్మాస్ ప్రశాంతంగా. "కాఫీ ఉందా?"

దిగాక అతను కారు తాళాలు కౌంటరు మీద పెట్టాడు. పైలట్‌తో చెయ్యి కలిపాడు. మధ్యాహ్నమే అయినా, చలికాలం కావడంతో వెలుతురు అప్పుడే నీలంగా మారి పలచబడుతోంది. అతను రోడ్డు వైపు కాకుండా రన్‌వే వెనక సరస్సు వైపు నడిచాడు.

"ఎక్కడికిరా?" హెల్వి గుమ్మంలోంచి అరిచింది.

"ఇంటికే. అడ్డదారిన."

సరస్సు గడ్డకట్టి వారం కూడా కాలేదు. నడిమధ్యలో మంచు గాజుపలకలా ఉంటుందని ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆర్మాస్ చేతులు జేబుల్లో పెట్టుకుని, తోటలో షికారు చేస్తున్నవాడిలా దాని మీదికి దిగాడు.

హెల్వి ఆ ఊరి మొత్తంలో అందరికంటే పిరికిది. ఒడ్డున నిలబడి ఏడ్చింది. ఏడుస్తూనే దిగింది. ప్రతి అడుగుకీ కింద మంచు మూలుగుతోంది. ఎక్కడో దూరాన పగులు సాగిన చప్పుడు వచ్చి, ఆమె కాళ్ల కిందుగా వెళ్లిపోయింది. మంచు కింద నీళ్లు నల్లగా కనిపిస్తున్నాయి. ఆమెకి పళ్లు కొట్టుకుంటున్నాయి, ఊపిరి అందడం లేదు. అయినా నడిచి, అతని మణికట్టు దొరకపుచ్చుకుంది.

"వదిలెయ్ హెల్వీ. నువ్వు వెనక్కెళ్లు. నాకేం భయం లేదు."

"తెలుసు. అది నా దగ్గరుంది."

ఎలా చెయ్యాలో ఆమెకి తెలియదు. చాలాసేపు మోసిన నీళ్ల బకెట్టు దించేటప్పుడు వేళ్లు వాటంతటవే తెరుచుకుంటాయే, అలా వదిలేసింది. మోచేతి దగ్గర గట్టిపడ్డది కదిలింది. కరిగింది. మణికట్టు దాటింది.

ఆర్మాస్ ముఖంలో మొదట ఏ మార్పూ లేదు. తర్వాత కింది పెదవి వణికింది. కిందికి చూశాడు.

"హెల్వీ," అన్నాడు. "ఇది సరస్సు. మనం సరస్సు మీదున్నాం."

"అవునురా."

"విరిగిపోతుంది! హెల్వీ, విరిగిపోతుందే! నన్ను పట్టుకో. నా పిల్లలు... ఓరి దేవుడా, నా పిల్లలు!"

"పడుకో. బోర్లా పడుకో. నా కాలు పట్టుకుని వెనకే రా."

ఇద్దరూ బోర్లా పడుకుని, మోచేతుల మీద పాకారు. హెల్వి ముందు, ఆర్మాస్ వెనక. మంచు చప్పుడు చేసినప్పుడల్లా అతను పసివాడిలా కేక పెట్టేవాడు. ఆమె మాత్రం ఏ నెర్ర ఎటు సాగుతోందో చూసుకుంటూ, మెల్లిగా దారి మార్చుకుంటూ పోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె గుండె మామూలుగా కొట్టుకుంటోంది. అది కూడా ఒడ్డు చేరాకే గమనించుకుంది.

ఒడ్డున ఓ చెట్టు మొదలు కౌగలించుకుని ఆర్మాస్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇన్నేళ్ల భయం ఒక్కసారిగా మీద పడింది మరి. పోయిన విమానాలు, రోడ్డున పడ్డ మనుషులు, ఇంటి దగ్గర భార్యకి చెప్పాల్సిన మాటలు, అన్నిటికీ కలిపి వణికాడు. వణుకుతూనే కోటు చెయ్యి పైకి లాగి, మణికట్టు చాపాడు.

"కాస్త పుచ్చుకోవే. కొంచెం. ఇంటిదాకా."

హెల్వి తన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంది.

"లేవరా," అంది. "రోడ్డు మీదుగా పోదాం. నేను పక్కనే ఉంటా."